ఆ ముప్పై నాలుగు నేను లెక్కపెట్టలేదు

హాస్టల్లో ఎవరైనా దెయ్యాల ముచ్చట మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. నర్సింగ్ రెండో ఏడాదికే చనిపోయినవాళ్ల ఒళ్లు తుడిచి, చేతులు కడుక్కుని పులిహోర తిన్నదాన్ని. నాకు అలాంటి నమ్మకాలు లేవు. ఇది రాస్తున్నది కూడా భయంతో కాదు, సిగ్గుతో.

అప్పుడు మాకు మేడ్చల్ దగ్గర ఒక ఆసుపత్రిలో డ్యూటీ. పొద్దున పదింటికి ఆరు మంచాల వాళ్లకు బీపీ, జ్వరం, నాడి, శ్వాస చూసి చార్టులో రాయాలి. మా దగ్గరున్న మిషన్ శ్వాస సంగతి చెప్పదు. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, రోగికి తెలియకుండా, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం లెక్కపెట్టాలి. క్లాసులో మా మేడం నేర్పింది అదే. మేము చేసేది వేరు. మామూలుగా ఉండే అంకె కదా అని ఇరవై రాసేస్తాం. అందరికీ ఇరవై అయితే దొరికిపోతామని మధ్యలో ఒకరికి పద్దెనిమిది వేస్తాం. సీనియర్లు మాకు అప్పజెప్పిన తెలివి ఇది.

ఆ రోజు నా స్నేహితురాలు రజిత మిషన్ పెట్టి అంకెలు చెబుతుంటే నేను రాసుకుంటూ పోయాను. నాలుగో మంచంలో శామీర్‌పేట అవ్వ. జ్వరమని ముందురోజే చేర్చారు. కళ్లు మూసుకుని ఉంది. నేను ఆమె కాళ్ల వైపే నిలబడి ఇరవై అని రాశాను. తర్వాత ఇద్దరం క్యాంటీన్‌కు పోయి, సమోసాలు తిని, అరగంట కూర్చున్నాం. నా స్టెతస్కోప్ ఆ రోజు హాస్టల్లోనే మర్చిపోయాను.

తిరిగి వచ్చేసరికి అవ్వకు ఆక్సిజన్ పెట్టి ఐసీయూకు తీసుకుపోతున్నారు. న్యుమోనియా అన్నారు. అవ్వకు ఏమన్నా అయితే ఆ ఇరవై నా మెడకు చుట్టుకుంటుంది. నిజం చెబుతున్నాను, నాకు ముందు అవ్వ గుర్తు రాలేదు, చార్టే గుర్తొచ్చింది.

వార్డు సిస్టర్ ఎదురొచ్చి నా భుజం తట్టారు. "మంచిగ పట్టినవ్ బిడ్డా. నువ్వొచ్చి పిలవకపోతే లేటైతుండె."

చార్టు తీసి చూశాను. నా ఇరవై అలాగే ఉంది. దాని కింద పదీ ఇరవైకి ఇంకో వరుస. శ్వాస ముప్పై నాలుగు. కుడివైపు కింద గాలి సరిగా వినిపించడం లేదని ఒక మాట. అక్షరాలు నావి. పొట్టి సంతకం నాది. పదీ ఇరవైకి నేను క్యాంటీన్లో ఉన్నాను.

అవ్వ కూతురు లక్ష్మి కూడా అదే చెప్పింది. నేను ఒక్కదాన్నే వచ్చి, అవ్వ చెయ్యి పట్టుకుని, గడియారం చూస్తూ చాలాసేపు నిలబడ్డానట. వీపు మీద తట్టి, స్టెతస్కోప్ పెట్టి విన్నానట.

రజితను పక్కకు లాగి అడిగాను. "నువ్వు నా పక్కనే ఉంటివి గదనే," అంది. నా చెయ్యి వదిలించుకుని, "ఊకో. ఎవ్వలకు జెప్పకు," అంది. చెప్పలేదు.

మరునాడు క్లాసులో మేడం నన్ను నిలబెట్టి, ఏం ఆలోచించి అవ్వ జబ్బు పట్టావో చెప్పమన్నారు. ఒక్క మాటతో ఒప్పేసుకోవచ్చు. నేను పుస్తకంలో ఉన్నది చదివినట్టు చెప్పాను. శ్వాస ఎక్కువుంది కాబట్టి ఊపిరితిత్తుల మీద అనుమానం వచ్చింది, రెండు వైపులా తట్టి పోల్చాను, కుడివైపు మొద్దుగా పలికింది, అప్పుడు విన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. రజిత కూడా కొట్టింది, తల దించుకుని.

అవ్వ బతికింది. ఇంటికి పోయే రోజు లక్ష్మి నన్ను పిలిపించింది. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. సిస్టర్, మేడం అక్కడే ఉన్నారు. "అమ్మా, నిన్ను కాపాడిన పిల్ల గీమెనే," అంది లక్ష్మి.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గీ పిల్ల గాదు. గీమె నన్ను ముట్టుకోనే లేదు. ఆడ నిలవడి రాస్కొని పోయింది," అంటూ తన కాళ్ల వైపు చెయ్యి చూపించింది.

"జ్వరం మత్తుల ఏందేందో యాది వెట్టుకుంది. ఏమనుకోకు," అంది లక్ష్మి. సిస్టర్ నవ్వారు, మేడం నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు ఆ చెయ్యి పట్టుకున్నది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. అవ్వ మాత్రం అందరి ముఖాలూ చూసి, తనదే పొరపాటేమో అన్నట్టు తల వంచుకుంది. ఆమె చెప్పింది నిజమని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు.