టంకం అత్తయ్య కటింగ్ ప్లయర్

మా మేనత్తను గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఒక పెద్దమనిషి మైకులో ఆమెను అన్న మాట ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

అత్తయ్య ఇరవై ఆరేళ్లు మోటార్లూ బ్యాటరీలూ బాగుచేసే షాపులో పనిచేసింది. పొడవాటి బల్లకు ఒక చివర కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీగలకు టంకం పెట్టేది. షాపు మూసేశాక ఇంట్లో ఊరికే కూర్చోలేక నాతోపాటు క్లబ్బుకు వచ్చింది. ఫర్నిచర్ గోడౌన్ వెనక ఖాళీ స్థలంలో ప్రతి ఆదివారం రిమోట్ కార్ల పందేలు జరుగుతాయి, అక్కడ చుట్లు లెక్కపెట్టే పని నాది. పిల్లల బొమ్మలనుకునేరు! జానెడు ఎత్తు లేని కార్లే గానీ, కనురెప్ప వేసేలోగా మలుపు దాటేస్తాయి. వాటి వెనక పరిగెత్తేవాళ్లంతా నెరిసిన గడ్డాల పిల్లలు.

మొదటి రోజే ఒకాయన కారు సగంలో ఆగిపోయింది. బ్యాటరీని మోటారుకు కలిపే కనెక్టర్ మైనంలా కరిగిపోయింది. అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, ఇంత కరెంటు లాగే బండికి ఈ పిల్ల కనెక్టర్ పెట్టిన మహానుభావుడెవరని అడిగింది. ఆ మహానుభావుడు ఎదురుగానే ఉన్నాడు. పది నిమిషాల్లో పెద్దది వేసిచ్చింది. అప్పటి నుంచి పందెం ముందు ప్రతి బ్యాటరీ ఆమె బల్ల మీదికి రావాలని, ఆమె స్టిక్కర్ అంటించందే కారు పందెంలోకి దిగకూడదని క్లబ్బు వాళ్లే నియమం పెట్టుకున్నారు. టంకం అత్తయ్య అని పేరు పెట్టిందీ వాళ్లే. అందులో సగం ముద్దు, సగం వెటకారం.

ఆమె పద్ధతి ఆమెది. బ్యాటరీ మీద ఎంత పెద్ద అంకె అచ్చువేశారో చూసేది కాదు. "అంకె అచ్చువేసేవాడికి సిరా ఒక్కటే ఖర్చు" అనేది. మీటరు పెట్టి, బరువు తూచి, పక్కల ఉబ్బుందేమో వేలితో తడిమి చూసేది. కనెక్టర్‌లో లోహం బయటికి కనిపించని భాగమే బ్యాటరీ వైపు ఉండాలి, లేకపోతే సంచిలోని తాళంచెవి తగిలినా మంటే. రెండు రకాల కనెక్టర్లను కలిపే మధ్య ముక్కలు తెస్తే ఒప్పుకునేది కాదు. ఒక అతుకు చాలని చోట మూడెందుకు అనేది. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. పాత కనెక్టర్ తీసేటప్పుడు రెండు తీగలూ ఒక్కసారి కత్తిరించకూడదు. ఒకటి కోసి, దానికి టేపు చుట్టి, తర్వాతే రెండోది. రెండూ ప్లయర్ నోట్లో పడితే ఆ ప్లయరే వాటిని కలిపేస్తుంది, నిప్పు రవ్వ లేచి దాని ఇనుము కరుగుతుంది, బ్యాటరీ లోలోపల చెడిపోతుంది.

మా క్లబ్బులో వరసగా మూడేళ్లు గెలిచిన ఒకాయన ఉన్నాడు. అందరూ ఛాంపియన్ అంటారు, పిలిపించుకోవడం ఆయనకూ ఇష్టమే. నెల క్రితం ఆయన బ్యాటరీకి అత్తయ్యే కనెక్టర్ వేసి స్టిక్కర్ అంటించింది. పెద్ద పందెం నాడు మూడో చుట్టులో ఆ కారులోంచి పొగ వచ్చింది. బ్యాటరీ బూరెలా ఉబ్బింది. ఇసుక బకెట్లో పడేసేలోగా కారు సగం కాలిపోయింది.

ఛాంపియన్ నేరుగా మైకు దగ్గరికి వెళ్లాడు. "టంకం అత్తయ్య అతుకు ఊడింది. ఇకనైనా ఆ బల్ల దగ్గర చదువుకున్న మనిషిని కూర్చోబెట్టండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బల్ల దగ్గర చేయి చాచి నిలబడని మనిషి ఆ మైదానంలో ఒక్కడు లేడు. అంతమందిలో ఒక్కడి నోరు పెగల్లేదు. సెక్రటరీ నేల చూపులు చూసి, వచ్చేవారం కమిటీలో మాట్లాడదామన్నాడు. అత్తయ్య బకెట్లోని బ్యాటరీ పూర్తిగా చల్లారే దాకా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. తర్వాత ఆ కనెక్టర్‌ను తిప్పి తిప్పి చూసింది.

ఇంటికొచ్చాక చెప్పింది, ఆ అతుకు తనది కాదని. తాను పెట్టిన టంకం నున్నగా మెరుస్తుందట. అది బూడిద రంగులో, పెళుసుగా, ముద్ద కట్టి ఉందట. ఎవరో కనెక్టర్ మార్చారు, స్టిక్కర్ మాత్రం పాతదే, అది ఉంది కదా అని ఆ పొద్దున బ్యాటరీని ఆమె బల్ల మీదికి తేనే లేదు. అక్కడే చెప్పొచ్చు కదా అని అరిచాను. "నా అతుకు నేను మెచ్చుకుంటే ఎవరు నమ్ముతారే?" అంది. ఆ వారమంతా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. నాకు తెలిసి ఇన్నేళ్లలో ఆమె పని మీద పడ్డ మొదటి మాట అది.

ఆదివారం కమిటీ ముందు ఆమె ఒక్కటే అడిగింది, ఛాంపియన్ పనిముట్ల పెట్టె తెరవమని. తన కటింగ్ ప్లయర్ ఎక్కడో పోయిందని ఆయన అన్నాడు. ప్లయర్ ఊసు ఇంకా ఎవరూ ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్నమాట. సెక్రటరీ పెట్టె తెరిచాడు. ప్లయర్ అడుగునే ఉంది. దాని పళ్ల మధ్య శనగగింజంత సొట్ట, చుట్టూ నల్లగా కాలిన మచ్చ.

అత్తయ్య తన సంచిలోంచి తుప్పుపట్టిన పాత ప్లయర్ తీసి పక్కన పెట్టింది. దాని పళ్ల మధ్యా అదే సొట్ట.

"ఇది నాది, బాబూ. పనిలో చేరిన మొదటి ఏడు నేనూ రెండు తీగలూ ఒక్కసారే కోశాను. ఆ పూటే మేస్త్రీకి చెప్పాను. నాలుగు తిట్టి, ఆ బ్యాటరీ పక్కన పడేయించాడు. దాన్ని ఎవరి ఇంటికీ పంపలేదు."

కొత్తరకం కనెక్టర్ వేసుకుందామని తానే కోశానని, నిప్పు రవ్వ వచ్చినా బ్యాటరీకి ఏమీ కాలేదనుకున్నానని ఛాంపియన్ చివరికి గొణిగాడు. సెక్రటరీ హాయిగా ఊపిరి పీల్చుకుని, నోటీసు బోర్డు మీద రెండు ముక్కలు రాసి అంటిద్దామన్నాడు. చూశారా, నింద మైకులో, నిజం నోటీసు బోర్డులో!

"నన్ను అన్నది మైకులో" అంది అత్తయ్య.

వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది. స్టిక్కర్ల కట్ట కళ్లద్దాల డబ్బా కింద పెట్టింది. బ్యాటరీలు వరసగా వచ్చి బల్ల మీద చేరాయి, ఆమె ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. పందెం గంట ఆలస్యమైంది. మాట పడిన రోజు నోరు మెదపనివాళ్లంతా ఇప్పుడు ఛాంపియన్ మీద పడి కసరడం మొదలుపెట్టారు. ఆమె పరువు పోయిందని కాదు, తమ పందెం పోతోందని.

చివరికి ఆయన మైకు పట్టుకున్నాడు. "బ్యాటరీ పాడుచేసింది నేనే. అతుకు కూడా నాదే. టంకం అత్తయ్యది కాదు" అన్నాడు. క్షమించమని అనలేదు. ఆ మాటకు ఆయన గొంతు చిన్నదైపోయినట్టుంది.

అత్తయ్య మీటరు తీసింది. అందరివీ చూసింది, ఆయన కొత్త బ్యాటరీ కూడా. దాన్ని రెండుసార్లు తూచి, స్టిక్కర్ అంటించి, తుప్పుపట్టిన తన ప్లయర్‌తో కలిపి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది కూడా నీ పెట్టెలోనే ఉంచుకో. నా తప్పు నాకు గుర్తుచేసే పని దీనికి అయిపోయింది."