నిబంధన మార్చింది మేమే

2023 వేసవి. నరసరావుపేటలో మా మేడ మీది గదిలో కూర్చుని ఒక మొబైల్ గేమ్ కంపెనీకి ప్లేయర్ సపోర్ట్ ఉద్యోగం చేసేదాన్ని. ఆఫీసు హైదరాబాదులో ఉండేది, నేను ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ పెట్టుకుని ఇక్కడే పనిచేసేదాన్ని. కింద అబ్బా, అంటే మా నాన్న, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం. "మీ షాహీన్ ఏం చేస్తద్ది?" అని ఎవరైనా అడిగితే, "ఫోన్లో ఆటలాడే వాళ్ల తగాదాలు తీరుస్తద్ది" అనేవాడు. అది నిజమే.

మాది పొలం సాగుచేసే ఆట, లైవ్ సర్వీస్ గేమ్. అంటే ఒకసారి కొని ఆడేసి వదిలేసేది కాదు. ఆట ఉచితమే, కానీ కొన్ని వారాలకోసారి కొత్త సీజన్, కొత్త బహుమతులు వస్తుంటాయి. డబ్బు పెట్టి సీజన్ పాస్ కొన్నవాళ్లకు బహుమతి సులువుగా వస్తుంది. కొననివాళ్లు జట్టుగా చేరి, ఆటలో రోజూ పొలం పనులు చేసి, పాయింట్లు కూడబెట్టుకోవాలి. ఆ సీజన్‌లో బహుమతి ఒంగోలు గిత్తల జత. మా జిల్లాలో ఎడ్ల పందాలంటే చెవి కోసుకునేవాళ్లు కదా, ఆడనివాళ్లు కూడా ఆడడం మొదలుపెట్టారు.

సీజన్ చివరి వారంలో కంపెనీ పాయింట్ల లక్ష్యాన్ని చప్పుడు చేయకుండా పెంచేసింది. ఉచితంగా ఆడే జట్లు అనుకున్నదానికన్నా ఎక్కువగా గెలవబోతున్నాయట. "దీన్ని బ్యాలెన్సింగ్ అంటారు. ఎవరైనా అడిగితే మాక్రో పంపండి" అన్నాడు మా టీమ్ లీడ్ కిరణ్. మాక్రో అంటే ముందే రాసిపెట్టిన జవాబు. ఆట సమతుల్యత కోసం మార్పులు జరుగుతుంటాయి, మీ ఓపికకు ధన్యవాదాలు అని అందులో ఉంటుంది. ఆ వారమంతా అదే పంపుతూ కూర్చున్నాం.

మాచర్ల నుంచి సైదులు అనే ఆయనకూ అదే వెళ్లింది. ఆయన ఊరుకోలేదు. లైవ్ చాట్‌లోకి వచ్చి నన్ను అడిగిన మొదటి మాట: "నువ్వు మనిషివా, మిషనువా?"

"మనిషినే అన్నా. చెప్పండి."

చేతులు వేగంగా ఆడవేమో, మైకులో మాట్లాడి టైపు చేయిస్తున్నట్టున్నాడు. మాట మాటలాగే తెర మీదికి వచ్చేది.

"నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనోళ్లం తల్లీ. మా జట్టులో ఉండేది అంతా మావోళ్లే. పాస్ కొంటామంటే వద్దురా, డబ్బులు తగలెయ్యమాకండి, ఆడితే చాలు గిత్తలొస్తయ్యని నేనే చెప్పినా. తెర మీద ఉన్న లెక్క చూసే చెప్పినా. ఇప్పుడు చూస్తే ఆ లెక్క లేదు, ఇంకోటుంది. మొదటిది నేనే పుట్టించి చెప్పానంటన్నారు."

"మీ తప్పు కాదుగా అన్నా."

"అది నీకు తెల్సు, నాకు తెల్సు. మా బామ్మర్దికి తెలవదే! మమ్మల్ని ఆడించేదానికి కంపెనీవోడి కాడ ఏదన్నా తీసుకున్నావా బావా అన్నాడు, అందరి ముందర. నాపరాయి ఎత్తాలంటే రెండోపక్క ఇంకోడు పట్టాల. రెండ్రోజుల్నించి నా రాయికి చెయ్యేసేవోడు లేడు."

మాకు అనుమతి ఉన్నదల్లా కాసిని రత్నాలు ఇవ్వడమే. రత్నాలంటే ఆటలో చెల్లే డబ్బు. మీ ఖాతాలో వేస్తానన్నాను.

"వొద్దు తల్లీ! అవి చూస్తే నిజంగానే తీసుకున్నాడంటారు. నిబంధన మార్చింది మీరేనని ఒక్క ముక్క రాయి. అదే చూపిచ్చుకుంటా."

కాసేపు ఆగమని చెప్పి కిరణ్‌కు ఫోన్ చేశాను.

"మార్చాం కదా సార్. మార్చామని చెబితే ఏమవుతుంది?"

"ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే. మార్చాక లక్ష్యం అందదని పాస్ కొన్నవాళ్లంతా డబ్బు వెనక్కి అడుగుతారు. రాశావంటే నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు షాహీన్."

కరెంటు పోయి ఇన్వర్టర్ కూత పెడుతోంది. గదిలో అటూ ఇటూ తిరిగాను. మెట్లు దిగి వంటింట్లో నీళ్లు తాగాను, దాహం తీరలేదు. సంగతి విని అమ్మీ చేతిలో గరిటె ఆపేసింది. "ఎవరి ఆటకోసమో నీ జీతం పోగొట్టుకుంటావా ఏంది?" అంది. ఆమె అడిగినదానిలో తప్పేముంది? మళ్లీ మెట్లెక్కాను. చాట్ ఇంకా తెరిచే ఉంది. ఆయన కదల్లేదు.

రాశాను. సీజన్ మొదట్లో ఉన్న లక్ష్యం సైదులు గారు చెప్పినదేనని, చివరి వారంలో దాన్ని పెంచింది మా కంపెనీయేనని, ఆయన ఎవరినీ మోసం చేయలేదని. కింద నా పేరు పెట్టాను. పంపేశాను.

సాయంత్రానికల్లా ఆ స్క్రీన్‌షాట్ ఆటగాళ్ల గ్రూపులన్నీ చుట్టేసింది. కంపెనీ నా లాగిన్ ఆపేసింది. ఆ తర్వాత ఫోన్ మోగినా ఉలిక్కిపడేదాన్ని, మోగకపోయినా నిలవలేకపోయేదాన్ని. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో చివరికి కంపెనీ తప్పు ఒప్పుకుని నోటీసు పెట్టింది. పాత లక్ష్యం చేరిన జట్లన్నింటికీ గిత్తలిచ్చింది. హెచ్చరిక పత్రం చేతిలో పెట్టి నన్నూ వెనక్కి పిలిచింది. మెచ్చుకుని కాదు, తెలుగులో వచ్చే ఫిర్యాదులు చూసే మనిషి దొరక్క.

సైదులు మళ్లీ చాట్‌లోకి వచ్చాడు.

"గిత్తలొచ్చినయ్ తల్లీ. బామ్మర్ది వచ్చి రాయి పట్టాడు. మాట్లాడలా. పట్టాడు, అంతే."

"మళ్లీ ఆడుతున్నారా అన్నా?"

"సగం మంది ఫోన్లోంచి ఆట తీసేశారు. నేనూ తీసేస్తన్నా. నీ మీద కోపం కాదు. దీన్ని నమ్మి పదిమందికి మళ్లీ మాటియ్యలేను."

ఇప్పుడు నేను మరో కంపెనీలో, సీజన్ బహుమతులు నిర్ణయించే బృందంలో ఉన్నాను. ఆట నడవాలంటే పాస్‌లు అమ్ముడుపోవాలి. అందులో నాకు తప్పు కనబడదు. కొన్నవాళ్లకు ఏం వస్తుందో, కొననివాళ్లు ఎంత ఆడాలో ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. బహుమతి విలువ తెర మీది బొమ్మలో ఉంటుందని అంతకుముందు అనుకునేదాన్ని. అది ఆడేవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న మాటలో ఉంటుంది. మీటింగులో ఎవరైనా "లక్ష్యం కాస్త జరుపుదాం" అన్నప్పుడల్లా నాకు కుర్చీలో కుదురుండదు. లేచి ఒకటే అడుగుతాను: ఇది నమ్మి ఈపాటికి ఎవరు, ఎవరికి మాట ఇచ్చి ఉంటారు?