‘బస్’ అన్నాక పడిన దెబ్బ

కరీంనగర్‌లో మాకు సాము నేర్పిన ఉస్తాద్ పోయారు. పొద్దున్నే వాళ్ళ వాడకట్టు మనిషి వచ్చి, "ఉస్తాద్ పాణం ఇడిసిండే, జల్ది రా" అని చెప్పి పోయాడు. నేను వెంటనే లేవలేదు. ఎందుకో మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయడానికి ఓపిక మాత్రం లేదు. ఒక మాటను ఇన్నేళ్ళు మోసి అలసిపోయాను.

ఆయన వడ్రంగి. పగలంతా బండిచక్రాలు చేసేవారు, తెల్లవారుజామున తాలీంలో మాకు నేర్పేవారు. తాలీమంటే నాలుగు మట్టిగోడలు, మధ్యలో పసుపు, మజ్జిగ కలిపి తవ్విన మెత్తటి మన్ను. మొదటి ఆరు నెలలు ఆ మన్ను తవ్వడమే మా చదువు. ఎవరైనా గొణిగితే, "కిందవడేది నువ్వే కదరా, మెత్తగ తవ్వుకో" అనేవారు.

కుస్తీ, కర్రసాము, బిన్నోట్ అని మూడు విద్యలు చెప్పారు. తేడా ఏమిటని ఒకసారి అడిగాను.

"కుస్తీల మనిషిని వట్టుకోవాలె. కర్రసాముల దగ్గరికి రానియ్యద్దు. బిన్నోట్ల వాని చేతిలది గుంజుకోని, వాన్ని పైలంగ ఇంటికి తోలాలె."

బిన్నోట్‌కు ఆయన వాడేది భుజం మీది తువ్వాల ఒక్కటే. కత్తి పట్టినవాడి మణికట్టుకు చుట్టి ఒక్క మెలి తిప్పితే కత్తి కిందపడేది. తానే వంగి తీసి, పిడివైపు తిప్పి వాడికే ఇచ్చేవారు. నాకు నవ్వొచ్చేది. అప్పటి బుద్ధి అంతే.

మూడింటికీ కట్టుబాటు ఒకటే. ఎవరైనా ‘బస్’, అంటే చాలు, అన్నారంటే ఎత్తిన చేయి దిగిపోవాలి. గెలిచేవాడిదైనా సరే.

పోలీసు చర్య తర్వాత కొన్నాళ్ళు కర్ర కనబడితేనే జనం జంకారు. మళ్ళీ ధైర్యం చేసి పీర్ల పండుగకు ఆట కట్టాం. ఆయనకూ నాకూ కర్రలు. నాకు ఇరవై ఏళ్ళు. చుట్టూ ఈలలు. ఆయన ‘బస్’ అని కర్ర దించారు. విన్నాను. విని కూడా కొట్టాను. దెబ్బ కుడి మోచేతి మీద పడింది.

ఆ చేయి మళ్ళీ మడత పడలేదు. చెక్క చెక్కే బాడిశ ఎత్తలేకపోయారు. అన్నం కూడా ఎడమచేత్తోనే తినేవారు. అడిగినవాళ్ళకు, "బాయి మెట్ల మీద జారిన" అని చెప్పేవారు, నేను పక్కనుండగానే. పదిహేనేళ్ళు ప్రతి పండుగకూ వెళ్ళి కాళ్ళు మొక్కాను గాని, తప్పు నాదని ఒక్కసారీ నోరు విప్పలేదు. సిగ్గు, ఇంకేం కాదు.

చివరికి లేచి వెళ్ళాను. వడ్లవారి ఆచారం ప్రకారం ఆయన్ను కూర్చోబెట్టి చేతులు జోడిస్తున్నారు. కుడిచేయి వంగడం లేదు. "బిగుసుకపోయింది, జర నూనె రాయుండ్రి" అంటూ ఎవరో గట్టిగా లాగుతున్నారు.

"గుంజకుండ్రి. అది రాదు," అన్నాను. "బాయి మెట్ల మీద జారలే. నేనే కొట్టిన. బస్ అన్నంక కొట్టిన."

అందరూ ఆగిపోయారు. ఆయన బిడ్డ నా వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం కూడా లేదు.

"మాకెరుకే అన్నా. నువ్వు చెప్తవని బాపు ఎదురుచూసిండు."

ఆ చేతిని అలాగే వదిలేశారు. ఎడమచేయి గుండె మీద, కుడిచేయి ముందుకు చాచి, కుర్చీలో కూర్చున్నట్టే ఆయన చివరిసారి వాడకట్టు దాటారు. ఇరుకు సందులో ఎదురొచ్చినవాళ్ళు ఆ చేతికి తగలకుండా గోడకు ఒదిగి నిలబడ్డారు.