ఫ్యాన్ కట్టేస్తేనే నడిచే దెయ్యం

నేను చూసిన మొదటి దెయ్యం లెక్కల పరీక్ష. దాన్ని చూసి ఎనిమిదో తరగతిలో పారిపోయినవాణ్ణి మళ్ళీ బడి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు ఆటోలకు సీటు కవర్లు కుడుతున్నాను. బాగా చదువుకున్నవాళ్ళంతా నా పనిమీదే కూర్చుంటారు.

అలాంటివాడి కూతురు బెంజ్ సర్కిల్ దగ్గరి హాల్లో సినిమా సగంలో లేచి పరుగెత్తితే, వంశం పేరు నిలబెట్టిందని మురిసిపోవాలి. నాకు మాత్రం పట్టుదల వచ్చింది.

అది బొమ్మల సినిమా. కంప్యూటర్‌లో గీసినవి కావు, చేత్తో చేసిన బొమ్మలు. ఒక్కోదాన్ని వెంట్రుకవాసి కదిపి ఫొటో తీసి, మళ్ళీ కదిపి మళ్ళీ తీసి, అన్నీ వరసగా తిప్పితే నడుస్తాయట. పిల్లాపాపలతో చూడమని తెలుగులో డబ్బింగ్ చేసి వదిలారు. ఊలు కోటు సగం అల్లి చచ్చిపోయిన ఓ ముసలమ్మ, రోజూ దీపాలవేళకి వచ్చి సూదుల కోసం ఇల్లంతా వెతుకుతుంది. ఆవిడ మెడ గిర్రున తిప్పగానే మా ఎనిమిదేళ్ళది బయటికి దౌడు. ఆనాటి నుంచి ఇంట్లో వెనకగదిలోకి ఒంటరిగా అడుగుపెట్టలేదు.

మా ఆవిడ ఉప్పూ మిరపకాయలతో దానికి దిష్టి తీసింది. "మళ్ళీ ఆ సినిమా ఊసెత్తారంటే మీకూ తీస్తానండీ, చీపురుతో" అంది.

సగం చూసిన దెయ్యం వదలదని నా నమ్మకం. పిల్లకి చివరిదాకా చూపించి తీరాలనుకున్నాను. ముందు అది ఒట్టి బొమ్మేనని తెలియాలని, ఆదివారం తీగెకు తెల్లగుడ్డ చుట్టి ఓ దెయ్యాన్ని చేసి బల్లమీద నిలబెట్టాను. కాస్త కదపడం, ఫోన్లో ఫొటో తియ్యడం. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. తీరా అన్నీ తిప్పి చూస్తే దెయ్యం నడవడం మానేసి గజగజ వణుకుతోంది.

"నాన్నా, దానికి చలేస్తోందా?"

"మే నెల్లో, బెజవాడలో చలేంటే?" అని పైకి చూశాను. ఫ్యాన్! మా ఊళ్ళో వేసవిలో ఫ్యాన్ తిరుగుతోందన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఫొటోకోసారి గుడ్డ ఒక్కో వైపు ఎగిరింది.

కట్టేశాను. పక్కగదిలోంచి కేక. "ఎవరండీ ఫ్యాన్లన్నీ కట్టేసింది? ఉడికి చస్తున్నాం!" కంగారులో మెయిన్ ఆపేసినట్టున్నాను.

"దెయ్యం కట్టేసిందమ్మా!" అని పిల్ల పకపకా నవ్వి బల్ల దగ్గరికొచ్చింది. ఇక కదపడం దాని వంతు, ఫొటోలు నావి. ఇద్దరం చెమటలో తడిసిపోయాం కానీ, దెయ్యాన్ని బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాం.

"ఆ ముసలమ్మకి సూదులు దొరికాయా?" అని తనే అడిగింది. మర్నాడే మళ్ళీ హాలుకు వెళ్ళాం.

ఆ సినిమా గొప్పతనం ఈసారి తెలిసింది. ముసలమ్మ బుగ్గమీద బొమ్మ చేసినవాళ్ళ వేలిముద్ర అలాగే ఉంది, తుడవలేదు. కోటు నిజం ఊలు, దారం లాగితే ఊడొచ్చేలా. అన్నిటికన్నా, దెయ్యాల్లేవు పడుకోండని పిల్లల్ని బుకాయించదు. ఉంది, దానికేం కావాలో అడగండి అంటుంది. ఆ ఇంటి పిల్ల అడిగింది, కోటు పూర్తయింది. మాది కుర్చీ దిగకుండా చివరిదాకా చూసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మీసం మెలేశాను. "చూశావా, నాన్న పక్కనుంటే భయం పోతుందన్నానా లేదా?"

"పోయింది కానీ నాన్నా, ఆవిడ మెడ తిప్పినప్పుడల్లా 'అయిపోయింది, కళ్ళు తెరువు' అని నీకు చెప్పడంతోనే సరిపోయింది. నాకు సగం సినిమా మళ్ళీ మిస్సయింది."