సాబు వస్తాడని వేసిన సున్నం

పదవీ విరమణ అయిన మర్నాడు కూడా పొద్దున పదింటికి షేర్వానీ తొడుక్కుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. వెళ్లాల్సిన చోటు ఏదీ లేదని అక్కడ నిలబడ్డాకే గుర్తొచ్చింది. మా ఆవిడ వంటింటి గడపలోంచి చూసి పడిపడి నవ్వింది.

"ఇగ మీ కచేరి గీడనే. ఈ చింతపండు గింజలు తీయుండ్రి," అని చేట తెచ్చి నా ముందు పెట్టింది.

జహీరాబాదు తాలూకా కచేరీలో ముప్ఫై ఏళ్లు కాగితాలు రాసిన చేతులవి. షేర్వానీ విప్పకుండానే కూర్చుని గింజలు తీశాను. పందొమ్మిది వందల అరవైల మొదటి సంవత్సరాలు అవి. ఆ ఏడాదంతా ఆవిడ నన్ను అలాగే ఆటపట్టించింది. ఫించను తెచ్చుకోవడం, కూరగాయలు తేవడం, మధ్యాహ్నం ఓ కునుకు. ఇంతకన్నా ఏం కావాలనుకునేవాణ్ణి. పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, బాగున్న మేకులు పీకి మళ్లీ కొడుతూ ఇంటి చుట్టూ తిరిగేవాణ్ణి.

రెండో ఏడు ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. దవాఖానలో వారం ఉంచి ఇంటికి పంపించారు. మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ బుద్ధి మాత్రం కత్తిలా ఉండేది. మంచంలోంచే పొయ్యి మీద పప్పు ఎంత ఉడికిందో వాసన పట్టి చెప్పేది. నాకు వంట నేర్పింది మంచంలో పడ్డాకే.

ఆవిడకు ఒక్కతే చెల్లెలు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే పుట్టింటి ఊరు చేరింది. న్యాల్‌కల్ దాటాక ఉంటుంది ఆ ఊరు. మా మామగారి మెట్ట చెలక నాలుగెకరాలు అక్కడే ఉంది. ఆయన పట్టా చేయించిననాటికి మా మరదలు ఇంకా ఉయ్యాల్లో ఉంది, అందుకని భూమి పెద్దపిల్ల పేరున పడింది. దున్నేది, జొన్న కోసేది, బతికేది చెల్లెలు. పేరు అక్కది. అక్కాచెల్లెళ్ల మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు.

రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదరు జిల్లాలో ఉన్న మా జహీరాబాదు మెదక్ జిల్లాలో కలిసింది. మా మామగారి ఊరు బీదరుతోనే ఉండిపోయి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఇటు ఉండి ఉంటే ఆ ఊరి కాగితాలన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. అటువైపు కచేరీలో నా మొహం ఎరిగినవాడు ఒక్కడూ లేడు.

ఓ ఉగాది తర్వాత మా మరదలు బీదరు బస్సు దిగి ఏడ్చుకుంటూ వచ్చింది. మా మామగారి దాయాదులు ఆ భూమి తమదని అటు కచేరీలో అర్జీ పెట్టారట. శ్రావణంలో పేషీ, అంటే విచారణ. పట్టాదారు స్వయంగా హాజరై చెప్పుకోవాలి, లేదా తన తరఫున ముఖ్తారునైనా పంపాలి. ఎవరూ రాకపోతే పట్టా దాయాదుల పేరున మారుస్తామని నోటీసు.

"బావా, నాకు ఆ చెలక తప్ప ఏమున్నది? అది పోతే నేనేడికి పోవాలె?" అంది.

"ఫికర్ చెయ్యకు. ఒక్క ముఖ్తార్‌నామాతోని అయిపోతది. గిసొంటియి ఎన్ని జూడలేదు నేను," అన్నాను.

అది నిజమే. నా బదులు మా ఆయన నిలబడతాడు, ఆయన మాట నా మాటే అని మా ఆవిడ ఒప్పుకుని వేలిముద్ర వేయాలి. రిజిస్ట్రారు దాన్ని ధ్రువపరచాలి. మంచంలో ఉన్న మనిషైతే ఆయనే ఇంటికి వచ్చి, నాలుగు ప్రశ్నలు అడిగి, ముద్ర వేయించుకుని పోతాడు. మర్నాడే రిజిస్ట్రారు కచేరీకి వెళ్లాను. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన యువకుడు, తెల్లని ఇస్త్రీ బట్టల్లో ఉన్నాడు.

"రేపు సాయంత్రమే వస్తానండీ. ఇల్లు ఎక్కడ?" అన్నాడు.

ఆయన్ని ఆగమన్న మాట నా నోటివెంట ఎలా వచ్చిందో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. దొరలు ఊళ్ల మీదికి దౌరా వెళితే ఒకరోజు ముందే వెళ్లి బస సిద్ధం చేయించడం నా పని. గోడకు సున్నం, కుర్చీకి దుప్పటి, తాగడానికి కొత్త కుండ. మొగుడంపల్లి వైపు ఓ పటేలు చిరిగిన చాప వేశాడని అతన్ని నలుగురిలో నానా మాటలు అన్నవాణ్ణి నేను. సాబు అడుగుపెట్టే ఇల్లు ఎలా ఉండాలో ముప్ఫై ఏళ్లు జనానికి నేర్పిన మనిషి ఇంట్లో అప్పుడు గోడలు పెచ్చులూడి, నేల గుంటలు పడి, పైకప్పు కురుస్తూ ఉంది. పైగా వచ్చేది ఆంధ్రా సాబు. మనల్ని చూసి ఏమనుకుంటాడు?

"జర కొన్ని రోజులు ఆగుండ్రి సార్. ఇల్లు సరిచేసుకుని నేనే వచ్చి తోల్కపోత," అన్నాను.

ఆయన సరేనన్నాడు. పేషీకి నాలుగు నెలలుంది కదా అనుకున్నాను.

మేస్త్రీని పిలిచాను. పది రోజుల పని అన్నాడు. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు పెద్దలు. పెచ్చులు గీకితే లోపలి మట్టిగోడ కూడా రాలింది. ఎర్రరాయి తెప్పించి ఆ గోడ మొత్తం మళ్లీ కట్టించాను. గానుగ సున్నం మాగనిదే గిలాబు, అదే గోడపూత, వేయకూడదని మేస్త్రీ పట్టుపట్టాడు. నేల మీద పరచడానికి షాబాదు బండలు చెప్పాను. అవి రైల్లో రావాలి. రోజూ పొద్దున స్టేషనుకు పోయి అడిగి వచ్చేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు హాయిగా ఉండింది. మళ్లీ ఎవరికో హుకుం ఇస్తున్నాను, ఎవరో "సాబ్" అని నా ముందు నిలబడుతున్నారు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

దుమ్ము పడుతోందని మా ఆవిడ మంచాన్ని వంటింట్లోకి మార్చాను. అక్కణ్ణుంచి రోజూ పిలిచేది.

"ఇగో, ఇంటున్నరా? ముందుగాల ఆ సాబును తోల్కరాండ్రి. గోడలేడికి పోతయ్?"

"బండలు రానీ," అనేవాణ్ణి.

"ఆయనేమన్న ఇల్లు కొనేటందుకు వస్తుండా?"

నాకు కోపం వచ్చేది. కచేరీ మర్యాదలు నీకేం తెలుసు అన్నాను ఓసారి. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. బతికున్నన్ని రోజులూ నేను దిగమింగలేని మాట అది.

బండలు జ్యేష్ఠంలో వచ్చాయి. వాటి వెనకే మృగశిర వాన. గిలాబు ఆరలేదు. ఆరనిదే సున్నం వేయలేం. ఇంకో వారం, ఇంకో వారం. ఆషాఢంలో సున్నం రెండో పూత పూర్తయింది. మంచాన్ని కొత్త గదిలోకి మార్చి, కుర్చీ వేసి, రేపు పోయి సాబును పిలుస్తానని మా ఆవిడకు చెప్పాను. ఎడమచేత్తో గోడను తడిమి, "మంచిగనే ఉన్నది," అంది. ఆవిడ నోట నేను విన్న ఆఖరి మాట అదే. తెల్లవారేసరికి రెండోసారి పక్షవాతం కొట్టింది. మాట పూర్తిగా పోయింది.

అయినా పిలిచాను. రిజిస్ట్రారు వచ్చాడు. మా మరదలు కూడా వచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన కుర్చీలో కూర్చోలేదు, మంచం పక్కనే నిలబడి వంగి అడిగాడు.

"అమ్మా, మీ పేరేంటమ్మా?"

ఆవిడ ఎడమచేతి బొటనవేలు ఎత్తింది.

"ఈయన మీకు ఏమవుతారు?"

బొటనవేలే ఎత్తింది.

"మీకు భూమి ఎక్కడుందమ్మా? ఈ కాగితం దేనికో తెలుసా?"

అదే వేలు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఆఖరికి ఆయన, "ఈ కాగితం మీకు ఇష్టం లేదు కదమ్మా?" అని తిప్పి అడిగాడు. ఆవిడ వేలు ఇంకా పైకెత్తింది.

ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"ఆవిడకు తెలుసో తెలియదో నేను చెప్పలేనండీ. అన్నింటికీ ఒకటే జవాబు. ధ్రువపరచానంటే రేపు మిమ్మల్నీ నన్నూ కోర్టుకు లాగుతారు," అన్నాడు. సున్నం గోడను చూసి, "అప్పుడే రానిచ్చి ఉండాల్సిందండీ. నేను పశువుల కొట్టాల్లో కూడా ముద్రలు వేయించుకున్నాను," అన్నాడు.

ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది. కనీసం కోపం తెచ్చుకునేవాణ్ణి. టీ తాగి పొమ్మంటే తాగి, దండం పెట్టి వెళ్లాడు.

శ్రావణంలో పేషీ రోజున బీదరు బస్సెక్కి నేనే వెళ్లాను. భర్తనని చెప్పాను. ముప్ఫై ఏళ్లు సర్కారు నౌకరీ చేశానని చెప్పాను. మంచంలో ఉందని దవాఖాన చీటీ చూపించాను. అక్కడి గుమాస్తా నాలాంటివాడే. తల ఎత్తకుండా ముఖ్తార్‌నామా ఉందా అని కన్నడంలో అడిగాడు. అతని కుర్చీలో ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణి. గడువు అడిగితే ఇవ్వలేదు. మా వైపు ఎవరూ హాజరు కాలేదని రాసుకున్నారు, నేను ఎదురుగా నిలబడి ఉండగానే.

పట్టా పేరు మారింది. దాయాదులు కోతల దాకా కూడా ఆగకుండా చెలక ఆక్రమించుకున్నారు. మా మరదలు ఒక మూట, రెండు బిందెలతో మా ఇంటికి వచ్చేసింది. ఇంకెక్కడికి పోతుంది? షాబాదు బండల మీద చాప పరుచుకుని అక్క మంచం పక్కనే పడుకునేది. అక్కకు స్నానం చేయించేది, జావ తాగించేది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టమని ఓసారి నేనే అడిగాను. "తిడితే చెలకొస్తదా బావా," అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

మా ఆవిడ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. గుమ్మంలో ఏ కొత్త మనిషి నీడ పడినా, పాలమనిషి అయినా సరే, బొటనవేలు ఎత్తేది. రిజిస్ట్రారు ఎదుట కూడా ఆవిడకు అంతా తెలుసునని నాకు ఆ వేలు చూసినప్పుడల్లా అనిపించేది. ఎత్తిన చెయ్యి తనంతట తాను దించేది కాదు. అప్పుడు మా మరదలు ఆ వేలిని తన గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా కిందికి దించేది.

"ముద్ర ఏసినవ్ అక్కా. అయిపోయింది. చెలక మనకే ఉన్నది. ఈసారి జొన్న మంచిగ పండింది," అనేది.

మా ఆవిడ కళ్లు నావైపు తిరిగేవి, నిజమేనా అన్నట్టు. నా మర్యాద కోసం నిలబెట్టిన ఆ గోడకు ఆనుకుని నేను ప్రతిసారీ అవునని చెప్పేవాణ్ణి.