నిమ్మ ఉప్పు పొట్లం

మొన్న మా కోడలు బాదుషాల పాకంలో చిటికెడు నిమ్మ ఉప్పు వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, డబ్బా మీద ఏం రాసుందో చదివి వినిపించమన్నాను. పాపం, అత్తమ్మకు చత్వారం ముదిరిందనుకుని ఓపికగా చదివింది. చత్వారం కాదు, భయం. ఆదిలాబాద్‌లో అన్నేళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనా, వంటింట్లో తెల్లటి పొడి కనబడితే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నాకు రెండే పిచ్చులు, ఒకటి ల్యాబు, రెండోది వంట. పగలంతా కుళ్లిన గుడ్డు కంపు కొట్టే గ్యాసుతో లవణాల పరీక్షలు చేసి, హాస్టల్ గదికొచ్చి చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని, కిరసనాయిలు స్టవ్ మీద తోటి అమ్మాయిలకు వంకాయ కూరో, పప్పుచారో చేసి పెట్టేదాన్ని. అలా వార్డెన్ కళ్లుగప్పి దొంగతనంగా స్టవ్ వెలిగించినవాళ్లకు ఆ రుచి గురించి వేరే చెప్పక్కర్లేదు. ల్యాబులో ఏదీ నాలుకకు తగలనివ్వకూడదు, వంటింట్లో నాలుకకు పెట్టకుండా ఏదీ దించకూడదు. ఈ రెండు అలవాట్లూ నాలో చక్కగా సర్దుకున్నాయని కాస్త పొగరు కూడా ఉండేది.

హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో, చర్చి కోత పండుగనాడు మధ్యాహ్నం అందరికీ భోజనాలు. వంట మగవాళ్లది, వాళ్లకు పెద్ద మా బాపు. ఆ ఏడు బాదుషాలు మా బిడ్డ చేస్తదని అందరి ముందూ మాటిచ్చాడు. చక్కెర పాకం పలుకు కట్టకుండా ఉండాలంటే చిటికెడు నిమ్మ ఉప్పు చాలని కెమిస్ట్రీ పుణ్యమా అని నాకు తెలుసు కదా, కొట్లో కొన్నదాన్ని శనివారం ల్యాబు త్రాసులో గ్రాముల లెక్కన తూచి, వడపోత కాగితంలో పొట్లం కట్టాను. వంట సామాను ల్యాబులో తూచడమేమిటన్న బుద్ధి అప్పుడు లేకపోయింది. అదే రోజు, అందులో ఏమేముందో కనుక్కోమని సారు నంబరు వేసి ఇచ్చిన లవణాల పొడి సగం మిగిలితే, బస్సు పోతుందన్న తొందరలో, సోమవారం చూద్దాంలే అని దాన్నీ అలాంటి కాగితంలోనే చుట్టి అదే సంచిలో పడేశాను. రెంటి మీదా పేరు రాయలేదు. నా చేత్తో కట్టిన పొట్లాలు నాకు తెలియవా అనుకున్నాను.

ఆదివారం పొద్దున చర్చి పక్కన పెద్ద గంజులో పాకం మరుగుతుంటే పొట్లం విప్పి వేసి, కలిపి, ఒక చుక్క నాలుకకు పెట్టుకుని, మా ఇంటి అలవాటు ప్రకారం మొదటి చెంచా ఊది చల్లార్చి అవ్వ నోట్లో, అంటే మా అమ్మ నోట్లో, పోశాను. అవ్వ కళ్లు మూసుకుని మింగి, తలూపి, ప్రార్థనకు లోపలికి వెళ్లింది. తర్వాత రుమాలు కోసం సంచిలో చెయ్యి పెడితే రెండో పొట్లం తగిలింది. విప్పి చూస్తే పలుకులు కొంచెం పెద్దవిగా, మెరుస్తూ, అచ్చం నిమ్మ ఉప్పులాగే ఉన్నాయి. పిండిలోకి తెచ్చిన వంటసోడా చిటికెడు, ఆ పొడి చిటికెడు గ్లాసులో వేసి, పొంగకుండా చూడు ప్రభువా అనుకుంటూ నీళ్లు పోశాను. నిమ్మ ఉప్పయితేనే పొంగుతుంది. బుస్సున పొంగింది.

అంటే నిమ్మ ఉప్పు ఇంకా నా చేతిలోనే ఉంది. పాకంలో పడింది సీసమో, పాదరసమో, మరింకేదో, పరీక్ష పూర్తి చేయని నాకేం తెలుసు? అవ్వ తిన్నది. లోపల పాడుతున్నారు, ఆ పాటలో అవ్వ గొంతు ఉందో లేదోనని గోడకు చెవి ఆనించి విన్నాను. కాసేపట్లో భోజనాలు. నిజం చెప్పొద్దూ, గంజు ఒలకబోసి చెయ్యి జారిందని అబద్ధమాడదామా అని కూడా అనిపించింది. కానీ అవ్వ కడుపులో పడ్డదాన్ని ఎట్లా ఒలకబోయను?

బాపు దగ్గరికి పోయి చెప్పాను. "బాపూ, గీ పాకంల ల్యాబు మందు వడ్డది. ఎవ్వరికి పెట్టొద్దు. అవ్వ తిన్నది."

తిడతాడనుకున్నాను. గరిటె కింద పెట్టి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అన్నాడు.

కుక్కలు నాకుతాయని వెనకాల గుంత తవ్వించి పాకమంతా పూడ్పించి, వంట పక్కవాళ్లకు అప్పగించి, జీపు మాట్లాడి మమ్మల్ని కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. దారంతా అవ్వ పెదాల రంగు చూస్తూ కూర్చున్నాను. ఆమె దగ్గినా నా ప్రాణం పోయేది. ఆమెను డాక్టరుకు చూపించి సారు ఇంటికి పరుగెత్తాను. సారు నంబర్ల పుస్తకం విప్పి, "సీసం ఉన్నదమ్మా. తియ్యగనే ఉంటది, నాలుకకు తెల్వదు" అన్నారు. తర్వాత కాగితం మీద లెక్క వేసి, అంత గంజులో ఒక్క చెంచాకు భయం లేదనీ, అందరూ పళ్లాల నిండా తిని ఉంటే మాత్రం వేరే సంగతనీ చెప్పి, నాతోపాటు వచ్చి డాక్టరుకు వివరించారు. సాయంత్రం దాకా ఉంచుకుని ఇంటికి పొమ్మన్నారు. పండుగలో పాకం లేని బాదుషాలే పంచారట. మంచం మీద లేచి కూర్చున్న అవ్వ, "పాకమైతే మంచిగనే కుదిరింది బిడ్డా" అంది. నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత నెల దాకా పొయ్యి జోలికి పోలేదు. చివరికి అవ్వే పట్టుబట్టి చారు పెట్టించింది. చెంచా నింపి ఆమె ముందు నిలబడ్డాను. ఏమేశావని ఆమె అడగలేదు, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని నోరు తెరిచింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి వాళ్లే వడ్డించుకుంటారు, ఇందులో ఏముందని అడిగి మరీ తింటారు. అట్లా అడగడమే మంచిదని నేర్పింది నేనే. అయినా అడగకుండా నోరు తెరిచిన అవ్వ గుర్తొస్తే, ఆ నమ్మకానికి నేను తగినదాన్నేనా అని ఈ వయసులోనూ నాకు భయమేస్తుంది.