మా కోడలూ, గెంతే గుండ్రాలూ

మా కోడలికి నోట్లో నాలుక లేదని మొదట్లో నలుగురికీ నేనే చెప్పాను. ఎంత తెలివితక్కువదాన్నో! కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పిల్లలకు బొమ్మలు కదిలించడం నేర్పుతుంది. బొమ్మలంటే ఏనుగులూ గుర్రాలూ కావు. గుండ్రాలు, చతురస్రాలు, త్రిభుజాలు. గ్రాఫిక్స్ లైబ్రరీ అని ఒకటుందట. ఎక్కడ, ఎంత గుండ్రం కావాలో రాసిస్తే గీసిపెడుతుంది. దాన్ని కదిలించే తిప్పలు మాత్రం మనవే.

ఆ తిప్పలేమిటో భోజనాల బల్ల మీద చూపించింది. తడి గ్లాసు పెట్టింది, తీసింది, కాస్త పక్కన మళ్లీ పెట్టింది. బల్ల నిండా తడి మరకలు.

"చూశారా అత్తయ్యా? పాతది తుడవకుండా కొత్తది గీస్తే ఇలా తోక మిగులుతుంది. మా పిల్లలంతా మొదట చేసే తప్పు ఇదే."

"బాగుంది. మరి బల్లెవరు తుడుస్తారు తల్లీ?" అన్నాను. నవ్వుతూ తుడిచింది.

తల్లిదండ్రులను పిలిచి పిల్లల పనులు చూపించే రోజు వచ్చింది. కేంద్రం యజమాని ఎక్కడో కొన్న బొమ్మల సినిమా తెచ్చి, చివర్లో పిల్లల పేర్లు అతికించాడు. "గుండ్రాలు చూసి ఎవరు చేరతారమ్మా? తెర మీద ఇదే వెయ్యి. కాదంటే రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడట. మావాడి కొట్టు ఈగలు తోలుకుంటోంది. ఇల్లు నడిచేది కోడలి జీతంతోనే. మావాడు మాత్రం ఊరుకున్నంత ఉత్తమం లేదని సామెత వల్లించాడు. పెళ్లాం సంపాదన తింటూ సామెతలొకటి! నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం హాల్లో ముందు వరసలో కూర్చున్నాను. తెర మీద రాక్షసులు, మంటలు. పెద్దవాళ్లు చప్పట్లు కొడుతున్నారు, పిల్లలు తలలు దించుకున్నారు. కోడలు లేచి వైరు లాగేసింది.

"ఇది మా పిల్లలు చేసింది కాదండీ. వాళ్లు చేసింది చూడండి."

తన లాప్‌టాప్ తగిలించింది. ఎర్ర గుండ్రం నేలను తాకి గెంతింది. చతురస్రం గోడకు గుద్దుకుని వెనక్కి తిరిగింది. ఇంకో గుండ్రం ఎగరబోయి నేలలోకి దూరిపోయింది. తెర మీద చోటు చెప్పే అంకెలు కిందికి పోయేకొద్దీ పెరుగుతాయట, పైకి ఎగరాలంటే తగ్గించాలట, ఆ సంగతి మరిచారన్నమాట. హాలంతా నవ్వింది. "అది నాదే!" అంటూ ఒక పిల్ల కుర్చీ ఎక్కి అరిచింది.

మర్నాడు యజమాని ఫోన్ చేస్తే నేనెత్తాను.

"మీ కోడల్ని వచ్చి అందరి ముందూ క్షమాపణ చెప్పమనండి. ఉద్యోగం ఉంచుతాను."

ఒప్పుకోమని మావాడు చేతులూపుతున్నాడు.

"తప్పు చేసుంటే నేనే చెవి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని. అబద్ధం మీరాడి, క్షమాపణ తనెందుకు చెప్పాలండీ?"

కోడలు ఫోన్ అందుకుంది. "వస్తానండీ, క్షమాపణకి కాదు. పిల్లలు చేసినవన్నీ మీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. ఎవరివి వాళ్లకి కాపీ చేసిచ్చి, అప్పుడు మానేస్తాను."

ఫోన్ పెట్టేసి సంచీ భుజాన వేసుకుంది. ఇల్లెలా గడుస్తుందోనని నాకు భయం వేసింది, ఎందుకు దాచాలి?

"మీరూ వస్తారా అత్తయ్యా?"

అప్పటికే నేను చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను.